ఆవకాయ జాడీ మరక, 4,800 డాలర్ల డిపాజిట్

మేం ఖాళీ చేసిన ఇంటి ఓనరు అంకుల్ పంపిన వాట్సాప్ మెసేజ్ చివర్లో ఇలా ఉంది: "టోటల్ 4,850. మీ డిపాజిట్ 4,800. ఆ 50 నేను అడగడం లేదులే అమ్మా." కింద చేతులు జోడించిన బొమ్మ.

డబ్బులు పోయినందుకు కాదు, ఆ నమస్కారం బొమ్మకి నాకు ఒళ్ళు మండింది.

మేం కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో, ఆ టౌన్‌హౌస్‌లో 2019 ఆగస్టు నుంచి 2025 మే 31 దాకా ఉన్నాం. ఓనరు తెలుగాయనే. గుడిలో పరిచయమయ్యారు. వాళ్ళ ఊరికీ మా గుంటూరుకీ ముప్పై కిలోమీటర్లు కూడా ఉండదు. మొదటి రోజే అంకుల్, ఆంటీ అని పిలవడం మొదలుపెట్టాం. అద్దె 3,200, డిపాజిట్ నెలన్నర అద్దె, అంటే 4,800. అప్పట్లో ఫర్నిచర్ లేని ఇంటికి రెండు నెలల అద్దె దాకా డిపాజిట్ తీసుకోవచ్చు కాబట్టి అందులో తప్పు పట్టడానికేం లేదు. 2024 జూలై 1 నుంచి దాన్ని ఒక్క నెలకి తగ్గించారు. ఒకటి రెండు ఇళ్ళు మాత్రమే అద్దెకిచ్చుకునే చిన్న ఓనర్లకు ఇంకా రెండు నెలల వెసులుబాటు ఉంది గానీ, ఆ ఇళ్ళలో అన్నీ కలిపి నాలుగు పోర్షన్లు మించకూడదు. మా డిపాజిట్ పాతది, కొత్త రూలు దానికి వర్తించదు.

అగ్రిమెంట్ రెండు పేజీలు. ఎక్కడో డౌన్‌లోడ్ చేసిన నమూనాలో పేర్లు మార్చి తెచ్చారు. "మనలో మనకి ఇవన్నీ ఎందుకమ్మా, ఏదో ఫార్మాలిటీ" అంటూనే సంతకాలు పెట్టించుకున్నారు. దిగేటప్పుడు ఇల్లు ఎలా ఉందో రాసుకునే చెక్‌లిస్ట్ లేదు. ఫోటోలు ఆయనా తీయలేదు, మేమూ తీయలేదు. గోడలన్నీ చూపిస్తూ ఫోటోలు తీస్తే పెద్దాయన ఏమనుకుంటారో అని నాకే మొహమాటం. రెండో పేజీలో "ఖాళీ చేసేటప్పుడు పెయింట్ ఖర్చు అద్దెకున్నవారిదే, ఆ మొత్తం వెనక్కి రాదు" అని ఒక లైను ఉంది. చదివాను కూడా. గుంటూరులో మా నాన్న పైపోర్షన్ వాళ్ళ దగ్గర సున్నం డబ్బులని నెల అద్దె పట్టుకోవడం చూస్తూ పెరిగినదాన్ని, నాకు అందులో వింతేం కనిపించలేదు.

ఆరేళ్ళు ఏ గొడవా లేదు. పండక్కి వాళ్ళింటి నుంచి అరిసెలు వచ్చేవి. గీజర్ పాడైతే అంకులే వచ్చి దగ్గరుండి బాగుచేయించారు. ఇది కూడా చెప్పాలి, లేకపోతే ఆయన్ని విలన్ని చేసినట్టవుతుంది.

మౌంటెన్ హౌస్ అనే ఊళ్ళో ఇల్లు కొనుక్కుని, నెల ముందే ఈమెయిల్‌లో నోటీసిచ్చాం. ఖాళీ చేయడానికి వారం ముందు అంకుల్ వచ్చి చూశారు. హాల్లో కూర్చుని కాఫీ తాగి, మెట్లెక్కి ఒక రౌండు కొట్టి, "ఇల్లు గుడిలా ఉంచావమ్మా" అన్నారు. మే 31న తాళాలిచ్చాం, కొత్త అడ్రసు మెసేజ్ పెట్టాం. డిపాజిట్ సంగతి మా ఆయన కదిపితే "చూద్దాం బాబూ, తొందరేముంది" అన్నారు. జూన్ 24న ఆ లిస్టు వచ్చింది.

కార్పెట్ మార్చడానికి 2,100. ఇల్లంతా పెయింట్ 1,600. వంటింటి కౌంటర్ మరక 600. క్లీనింగ్ 450. తోరణం మేకుల చిల్లులు పూడ్చడానికి 100. జత చేసిన ఫోటోలు రెండే: ఒకటి పూజ మూల కార్పెట్‌ది, రెండోది కౌంటర్‌ది.

ఇందులో మా తప్పు ఎంతో ముందే ఒప్పుకుంటాను. పూజ చేసుకునే మూల అగరొత్తి పడి కార్పెట్ మీద చింతగింజంత మచ్చ కాలింది. పైన పీట వేసి ఆరేళ్ళు దాచాను. కౌంటర్ మీద గుండ్రటి ఎర్రమరక ఆవకాయ జాడీది. అమ్మ పంపిన జాడీ అడుగున నూనె చెమర్చి, ఎప్పుడు చెమర్చిందో నేను చూసుకోలేదు. తెల్లటి కౌంటర్ మీద పసుపు, కారం, నూనె కలిసి వలయంలా దిగిపోయాయి. వంటసోడా ముద్ద పెట్టాను, నిమ్మచెక్క రుద్దాను, రాత్రంతా బ్లీచ్ గుడ్డ కప్పి ఉంచాను. ఎరుపు పోయి పసుపు మిగిలింది. ఇక పొయ్యి మీద చిమ్నీ ఉందే, ఆరేళ్ళ తాలింపులు దాని లోపల ఉన్నాయి. బయట తుడిచాం కానీ లోపలి జాలీ విప్పలేదు.

మా ఆయన లిస్టు చూసి "పోనీలే, ఊళ్ళో అయినా ఇంతేగా" అన్నారు. నిజమే. హైదరాబాదులో రెండు నెలల అడ్వాన్సిచ్చి, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెలది వదులుకోవడం మామూలే. బెంగళూరులో మా మరిది పది నెలల అడ్వాన్సిచ్చి, అది తిరిగొచ్చేదాకా కొత్త ఇంటి అడ్వాన్సుకి అప్పు చేశాడు. 2021లో కేంద్రం చేసిన నమూనా అద్దె చట్టం ఇళ్ళకి రెండు నెలల అద్దెకు మించి డిపాజిట్ వద్దంటుంది, కానీ అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు చట్టంగా తెచ్చుకుంటేనే పనిచేస్తుంది. అలవాటు వేరు, చట్టం వేరు అని ఊళ్ళో ఎవరూ పోట్లాడరు. నాకూ అలవాటైన సంగతే. కానీ ఆ "50 నేను అడగడం లేదులే" అన్న మాటకి నిద్ర పట్టలేదు. రాత్రి పదకొండింటికి లేచి కూర్చుని చదవడం మొదలుపెట్టాను.

కాలిఫోర్నియా సివిల్ కోడ్‌లో 1950.5 అనే సెక్షన్ ఉంది. మొత్తం డిపాజిట్ వ్యవహారమంతా అందులోనే. కోర్టుల వెబ్‌సైట్‌లో దాన్ని మామూలు ఇంగ్లీషులో విడమరిచి పెట్టారు, రాష్ట్ర ప్రభుత్వం అద్దెదారుల కోసం వేసిన గైడు కూడా ఉంది. నాకు అర్థమైనంతవరకు చెబుతాను.

డిపాజిట్ మన డబ్బే, ఓనర్ దగ్గర ఉంటుందంతే. ఆయన అందులోంచి పట్టుకోగలిగేవి కొన్నే: బాకీ ఉన్న అద్దె, మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదలను మించిన డ్యామేజీ, మనం దిగిన రోజు ఎంత శుభ్రంగా ఉందో అంత శుభ్రానికి తేవడానికయ్యే క్లీనింగ్. "వెనక్కి రాదు" అని అగ్రిమెంట్‌లో రాసుకున్నా, దాని మీద మనం సంతకం పెట్టినా అది చెల్లదు. ఇది చదివాక మా రెండో పేజీ లైను తీసి మళ్ళీ చూసుకున్నాను.

ఖాళీ చేసిన రోజు నుంచి 21 రోజులు గడువు. ఆదివారాలూ సెలవులూ అన్నీ కలిపి. ఆలోగా డబ్బయినా తిరిగివ్వాలి, లేదా ఏ ఖర్చుకి ఎంత పట్టుకున్నారో వివరంగా రాసి మిగిలింది ఇవ్వాలి. కాగితం చేతికివ్వాలి, లేదా పోస్టులో పంపాలి, ఇద్దరూ ముందే ఒప్పుకుంటే ఈమెయిల్ చేయొచ్చు. రిపేర్లూ క్లీనింగూ కలిపి 125 డాలర్లు దాటితే బిల్లులు జత చేయాలి. ఓనరే స్వయంగా పనిచేస్తే ఏం చేశారు, ఎన్ని గంటలు, గంటకెంత అన్నది రాయాలి. పని 21 రోజుల్లో పూర్తికాకపోతే అంచనా పంపొచ్చు, కానీ పని పూర్తయిన 14 రోజుల్లో అసలు బిల్లులు పంపాలి. మాకు వీటిలో ఒక్కటీ రాలేదు. వచ్చింది వాట్సాప్ మెసేజ్, అదీ ఇరవై నాలుగో రోజున. ఫ్రిజ్ మీద గుడివాళ్ళిచ్చిన తెలుగు క్యాలెండర్ ఉంటే దాని మీదే వేలు పెట్టి మూడుసార్లు లెక్కపెట్టాను.

ఇంకోటి. 2025 ఏప్రిల్ 1 నుంచి కొత్తగా వచ్చిన రూలు: మనం ఖాళీ చేశాక, రిపేరు మొదలుపెట్టకముందు ఒకసారి, అయిపోయాక ఒకసారి ఓనరు ఫోటోలు తీయాలి, వాటిని ఆ లిస్టుతో పాటు పంపాలి. మేం రెండు నెలల తేడాతో ఆ రూలు కిందకి వచ్చాం. 2025 జూలై 1 నుంచి మొదలయ్యే అద్దెలకైతే దిగేముందు కూడా తీయాలి.

అన్నిటికన్నా నన్ను నొప్పించింది మాత్రం కాఫీ సంగతి. ఖాళీ చేసే ముందు రెండు వారాల్లో ఇల్లు చూసి, లోపాలేమిటో రాసిమ్మని అడిగే హక్కు మనకుంటుందట. ఆ హక్కు ఉన్నట్టు ఓనరే మనకి రాతపూర్వకంగా చెప్పాలట. లిస్టు ముందే ఇస్తే మన చేత్తో మనం బాగుచేసుకోవచ్చు. ఆ రోజు "చిమ్నీ లోపల కూడా తుడిపించమ్మా" అని ఒక్క మాట రాసిచ్చి ఉంటే ఎవరినో పిలిచి అయిపోగొట్టేదాన్ని. ఇల్లు గుడిలా ఉందంటే మురిసిపోయి ఇంకో కప్పు పోశాను.

గైడులో రెండు లెక్కలు నాకు బాగా పనికొచ్చాయి. కార్పెట్ ఆయుష్షు పదేళ్ళనుకుంటే, ఎనిమిదేళ్ళ కార్పెట్‌ని అద్దెదారు పాడుచేస్తే, కొత్తదానికి వెయ్యి డాలర్లయినా ఓనరు పట్టుకోగలిగేది మిగిలిన రెండేళ్ళ విలువే, అంటే 200. పాతది పోగొట్టి కొత్తది కట్టించుకోవడం కుదరదన్నమాట. పెయింటుకైతే ఇంకా స్పష్టం: రెండేళ్ళు లేదా ఎక్కువ ఉంటే ఏమీ పట్టుకోకూడదు. ఈ లెక్కలు గైడులోవి, చట్టంలో రాసినవి కావు. అయినా జడ్జిలు ఇలాంటి పద్ధతే చూస్తారని మా కౌంటీలో (జిల్లా లాంటిది) స్మాల్ క్లెయిమ్స్, అంటే చిన్న మొత్తాల తగాదాలు తేల్చే కోర్టు సలహాదారు ఫోన్లో చెప్పింది. ఆ సలహా ఉచితం, ప్రతి కౌంటీలో ఎవరో ఒకరు ఉంటారు. ఆవిడ నాతో ఇరవై నిమిషాలు ఓపిగ్గా మాట్లాడింది.

జూలై 1న ఉత్తరం రాశాం. కోర్టుకి వెళ్ళేముందు అడగాలి, అడిగినట్టు చూపించాలి. ఒక పేజీ మించకుండా తేదీలు, సెక్షన్ నంబరు, మా లెక్క, జూలై 15 లోపు ఇవ్వకపోతే స్మాల్ క్లెయిమ్స్‌కి వెళ్తామన్న మాట. దురుద్దేశంతో పట్టుకున్నట్టు తేలితే డిపాజిట్‌కి రెండింతల దాకా అదనంగా వేసే అధికారం జడ్జికి ఉంటుందని కూడా రాశాం. చివర్లో "మీ మీద గౌరవంతోనే" అని మా ఆయన కలిపారు. నేను తీసేశాను, ఆయన మళ్ళీ కలిపారు. అలాగే పంపాం.

ఉత్తరం అందిన సాయంత్రమే ఫోన్. "ఏమ్మా, ఉత్తరాలు రాసుకునే వాళ్ళమా మనం? సెక్షన్లా?" కోపం కంటే చిన్నబుచ్చుకోవడమే ఎక్కువ వినిపించింది ఆ గొంతులో. నేను ఏదో నసిగాను. తర్వాత రెండు వారాలు వేరే నరకం. గుడిలో తెలిసినావిడ పక్కకి పిలిచి "పెద్దాయన, ఎందుకమ్మా" అంది. ఇంకొకాయన మా ఆయనకి ఫోన్ చేసి సగం సగం చేసుకోమన్నారు. సగమంటే 2,400. మా ఆయన దాదాపు ఒప్పుకునేవారే. నేనే అడిగాను: ఎవరో తెల్లాయన ఓనరై ఇదే లిస్టు పంపితే సగానికి ఒప్పుకుంటావా? ఆయన జవాబు చెప్పలేదు, మర్నాడు ఫారం ప్రింటు తీసుకొచ్చారు.

స్మాల్ క్లెయిమ్స్‌లో కేసు వేసే ఫారం ఎస్‌సీ-100. ఇల్లు ఉన్నది అలమేడా కౌంటీ కాబట్టి అక్కడే వేయాలి, మేం ఇప్పుడుంటున్న చోట కాదు. స్మాల్ క్లెయిమ్స్‌లో మామూలు మనిషి 12,500 డాలర్ల దాకా అడగొచ్చు. లాయర్లు వచ్చి వాదించడానికి వీల్లేదు, ఎవరి గోడు వాళ్ళే చెప్పుకోవాలి. ఎంత అడగాలన్న దగ్గర మళ్ళీ గొడవ పడ్డాం. డిపాజిట్ 4,800, రెండింతల పెనాల్టీ 9,600, రెండూ కలిపితే పరిమితి దాటిపోతుంది. పెనాల్టీ అడగడం నాకు ఇష్టం లేదు. సలహాదారు మాత్రం, దురుద్దేశం కనిపిస్తే మనం అడగకపోయినా జడ్జి వేయొచ్చు గానీ ఫారంలో రాయడమే మంచిది అంది. చివరికి 4,800కి ఇంకో 4,800 కలిపి 9,600 వేశాం. 1,500 దాకా అయితే ఫీజు 30, అయిదు వేల దాకా 50, ఆపైన 75. మాకు 75 అయింది. సెప్టెంబరు 9కి తేదీ ఇచ్చారు.

కాగితాలు అందజేయడం దగ్గర నవ్వొచ్చే సంగతి జరిగింది. మనమే వెళ్ళి ఇవ్వకూడదు, కేసుతో సంబంధం లేని 18 ఏళ్ళు నిండినవాళ్ళెవరైనా చేతికివ్వాలి, అదీ ఓనరు ఆ కౌంటీలోనే ఉంటే విచారణకి కనీసం 15 రోజుల ముందు. మాకు తెలిసినవాళ్ళందరూ అంకుల్‌కీ తెలిసినవాళ్ళే. ముగ్గుర్ని అడిగితే ముగ్గురికీ ఆ వారం ఊరెళ్ళే పని పడింది. ఆఖరికి మా ఆయన ఆఫీసులో పంజాబీ కుర్రాడు ఒప్పుకున్నాడు. వెళ్ళి బెల్ కొట్టి, పేరడిగి, కవరు చేతిలో పెట్టాడు. వెనక నుంచి ఆంటీ వచ్చి "ఎండన పడి వచ్చావు" అని లోపలికి రమ్మని మజ్జిగ ఇచ్చిందట. వాడు తాగి, థాంక్స్ చెప్పి వచ్చి, ఇచ్చినట్టు రుజువు ఫారం మీద సంతకం పెట్టాడు. "ఇంత మంచివాళ్ళ మీద కేసేంటి?" అని మమ్మల్ని అడిగాడు.

సాక్ష్యం ఏముంది మన దగ్గర అని వెతకడం మొదలుపెట్టాను. దిగేటప్పటి ఫోటోలు లేవు. అప్పుడు గుర్తొచ్చింది, పాలు పొంగించిన వీడియో ఉంది! 2019 శ్రావణమాసంలో ఆ ఇంట్లో దిగిన రోజు అత్తగారి కోసం మా ఆయన తీసి పంపింది. నాలుగు నిమిషాలు. గుమ్మంలో కుడికాలు పెట్టడం, హాలు, మెట్లు, వంటిల్లు, పొయ్యి మీద గిన్నె, పాలు పొంగడం. నేను చీర సర్దుకుంటూ "కెమెరా నా మొహం మీద పెట్టకు, ఇల్లు చూపించు అత్తయ్యకి" అంటుంటాను. ఆయన ఇల్లు చూపించారు. మెట్ల దగ్గర కార్పెట్ నలిగి బూడిదరంగుకి తిరిగి ఉంది. కిటికీ కింద గోడ మీద రంగు పెచ్చులూడి ఉంది. చిమ్నీ అంచున కారిన జిడ్డు చార కూడా కనిపిస్తోంది, అంటే మా తాలింపులకంటే ముందు ఇంకెవరివో ఉన్నాయి. అత్తగారికి పంపిన తేదీ, టైము వాట్సాప్‌లో భద్రంగా ఉన్నాయి. కౌంటర్ మాత్రం తెల్లగా మెరిసిపోతోంది, అదీ కనిపిస్తోంది మరి. దాచడానికి లేదు. వీడియోలోంచి పదకొండు ఫోటోలు తీసి మూడేసి కాపీలు ప్రింటు కొట్టించాం: జడ్జికొకటి, వాళ్ళకొకటి, మాకొకటి.

సెప్టెంబరు 9 పొద్దున్నే బయల్దేరాం. ఆల్టమాంట్ కనుమ దగ్గర గాలిమరలు తిరుగుతున్నాయి, కింద 580 హైవే మీద కార్లు కదలడం లేదు. నా చేతులు చల్లబడిపోయాయి. పదిహేనేళ్ళుగా ఈ దేశంలో ఉన్నాను, ట్రాఫిక్ టికెట్‌కి కూడా కోర్టు గుమ్మం తొక్కలేదు.

బయట బెంచీ మీద అంకుల్, ఆంటీ కూర్చుని ఉన్నారు. అంకుల్ ఇస్త్రీ చొక్కా, ఒళ్ళో ప్లాస్టిక్ ఫైలు. మమ్మల్ని చూసి తల తిప్పుకున్నారు. ఆంటీ మాత్రం "టిఫిన్ తిన్నారా?" అంది. తిన్నామన్నాను. అబద్ధం. విచారణకి ముందు రెండు పక్షాలూ కాగితాలు ఒకరికొకరు చూపించుకోమని గుమస్తా చెబితే, అదే బెంచీ మీద కూర్చుని మార్చుకున్నాం. అంకుల్ మా ప్రింట్లు ఒక్కొక్కటే తిప్పుతూ పాలగిన్నె ఫోటో దగ్గర ఆగారు. ఆంటీ వంగి చూసి "ఆ రోజు చక్రపొంగలి పంపావు" అంది. నేనేం మాట్లాడలేకపోయాను.

లోపల మా వంతు పావుగంట కూడా పట్టలేదు. ఆ రోజు జడ్జిగా కూర్చున్నది ఒక లాయరు, తాత్కాలిక జడ్జి. ఆవిడ వినడానికి మాకు అభ్యంతరం లేదని ముందే సంతకాలు తీసుకున్నారు. నేను రెండు నిమిషాల్లో తేదీలు చెప్పాను. అంకుల్ అగ్రిమెంట్ రెండో పేజీ చూపించి, "వాళ్ళు సంతకం పెట్టారు" అన్నారు. ఆవిడ చదివి, ఈ రాష్ట్రంలో ఇది చెల్లదు, పెయింటు ఎప్పుడు వేయించారు అని అడిగింది. "వీళ్ళు రాకముందు." అంతే, పెయింటు సంగతి మళ్ళీ ఎత్తలేదు.

కార్పెట్‌కి అంకుల్ దగ్గర అసలైన బిల్లు ఉంది, 2,100. పాతది ఎప్పటిదని అడిగితే "2016" అని నిజాయితీగా చెప్పారు. అబద్ధం చెప్పొచ్చు, చెప్పలేదు. జడ్జి నన్ను అడిగింది, ఈ కాలిన మచ్చ మీదేనా అని. అవునన్నాను. పీట సంగతి కూడా చెప్పాను, ఎందుకు చెప్పానో తెలీదు. ఆవిడ కాగితం మీద ఏదో రాసుకుంది. క్లీనింగ్ బిల్లు చూస్తే 180 ఉంది, లిస్టులో 450. మిగతాది? తనూ ఆంటీ రెండు రోజులు తుడిచామన్నారు. ఎన్ని గంటలు, ఎక్కడైనా రాశారా? లేదు. కౌంటర్‌కి ఒక అంచనా కాగితం మాత్రమే ఉంది. మార్పించారా? లేదు, కొత్తవాళ్ళు అలాగే దిగిపోయారు. మేకుల చిల్లులు ఎన్ని అంటే నాలుగు.

21 రోజుల గడువు దాటింది కదా, మొత్తం మాదే అని నేను అనుకుంటూ వెళ్ళాను. అంత సులువు కాదు. గడువు దాటితే డిపాజిట్ అట్టిపెట్టుకునే హక్కు ఓనరుకి పోతుంది, మొత్తం తిరిగివ్వాలి. కానీ దురుద్దేశం లేకపోతే, నిజంగా జరిగిన నష్టాన్ని కోర్టులో ఆయన విడిగా అడగొచ్చు, జడ్జి దాన్ని మినహాయించొచ్చు. 1995లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు అలా తేల్చిందట. జడ్జి ఆ మాట చెప్పినప్పుడు నా గుండె జారింది, అంకుల్ కొంచెం నిటారుగా కూర్చున్నారు. తర్వాత ఆయన వైపు తిరిగి, ఖర్చులు సబబైనవని నిరూపించాల్సింది మీరే అంది. ఆయన మళ్ళీ ఫైలు మూసుకున్నారు.

తీర్పు అక్కడికక్కడే చెప్పలేదు. రెండు వారాలకి పోస్టులో వచ్చింది. కారణాలు ఉండవు, అంకెలే: 4,410, కోర్టు ఖర్చు 75. మేమే వెనక్కి లెక్క కట్టుకున్నాం. తొమ్మిదేళ్ళ కార్పెట్‌కి మిగిలిన ఒక్క ఏడాది విలువ 210, బిల్లున్న క్లీనింగ్ 180. అంతే మినహాయించారు. ఆవకాయ మరకకి సున్నా. పెనాల్టీ కూడా సున్నా. నిజం చెప్పాలంటే పెనాల్టీ పడనందుకు తేలికపడ్డాను. చట్టం తెలియకపోవడం వేరు, మోసం వేరు, అంకుల్‌ది మొదటిదే.

కౌంటర్ విషయంలో మాత్రం నాకు కాస్త సిగ్గుగానే ఉంది. ఆ మరక మాదే. ఆయన బాగుచేయించి బిల్లు పెట్టి ఉంటే కొంతయినా మా నుంచి రాబట్టుకునేవారు.

కేసు వేసిన మాకు అప్పీలు హక్కు లేదు, వాళ్ళకి 30 రోజులు ఉంది. వెళ్తారేమోనని రోజూ పోస్టు డబ్బా తెరిచి చూశాను. దీపావళికి వారం ముందు కవరొచ్చింది. అడ్రసు ఆంటీ చేతిరాత. లోపల 4,485కి చెక్కు, ఇంకేం లేదు. ఆ ఏడాది అరిసెలు రాలేదు. ఒకసారి గుడిలో ప్రసాదం వరసలో అంకుల్ నా ముందే నిలబడ్డారు. వెనక్కి తిరిగి, "కొత్తవాళ్ళకి ముందే ఫోటోలు తీశానమ్మా, అన్ని గదులూ" అని, వరస కదిలితే ముందుకెళ్ళిపోయారు.

ఈ కథంతా నాన్నకి ఫోన్లో చెప్పాను. కార్పెట్ లెక్క విని బాగా మెచ్చుకున్నారు. "భలే న్యాయంగా ఉందే" అన్నారు. తర్వాత మాటల్లో, పైపోర్షన్ వాళ్ళు వచ్చే నెల ఖాళీ చేస్తున్నారని చెప్పారు.

"ఎన్నేళ్ళున్నారు నాన్నా?"

"ఏడేళ్ళు."

"సున్నం డబ్బులు పట్టుకుంటావా?"

కాసేపు మాట లేదు. "ఇక్కడ సిగ్నల్ సరిగా లేదమ్మా" అన్నారు.